వెనుక ఇరుసు మీద 880 కిలోలు: ఒక సెడాన్ కేస్ స్టడీ

పగిలిన టైరుని డిక్కీలోంచి తీసి వర్క్‌షాప్ నేల మీద పెట్టి, "ఇది తయారీ లోపమే సార్. 14 నెలలు కూడా కాలేదు, 18 వేల కిలోమీటర్లే తిరిగింది. మీరొక రిపోర్టు రాసిస్తే కంపెనీ మీద క్లెయిమ్ వేస్తాను" అన్నారు ఆ కారు యజమాని. ముందు రోజు హైవే మీద 100 స్పీడులో వెళ్తుంటే వెనుక ఎడమ టైరు పగిలింది. కారు వెనుక భాగం రెండుసార్లు అటూ ఇటూ ఊగింది. ఆయన బ్రేకు జోలికి పోకుండా, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, యాక్సిలరేటర్ మెల్లగా వదిలేశారు. అందరినీ కాపాడింది అదే. కారులో ఆయన భార్య, తల్లి, తమ్ముడు, కొడుకు ఉన్నారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా ఆ సంగతి చెబుతున్నంతసేపూ ఆయన గొంతు వణుకుతూనే ఉంది.

నాది సస్పెన్షన్, చక్రాల పని. ఈ కారు నాకు కొత్త కాదు. ఆరు నెలల క్రితం "వెనుక బాగా కుంగుతోంది, గతుకు వస్తే దబ్‌మని కొడుతోంది" అని ఇదే కారు మా దగ్గరకు వచ్చింది. అప్పుడు వెనుక షాక్ అబ్జార్బర్లు రెండూ మార్చి పంపాను. వాటిలోంచి ఆయిల్ కారుతోంది కాబట్టి మార్చడం తప్పేమీ కాదు. కానీ అవి అంత తొందరగా ఎందుకు పోయాయని నేను ఆలోచించలేదు. ఎంతమంది ఎక్కుతారు, ఎంత సామాను వేస్తారు అని అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న వేసి ఉంటే ఈ టైరు హైవే మీద పగిలేది కాదేమో అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఈ కేసు మొదటి నుంచి చివరి దాకా లెక్కలతో సహా రాస్తున్నాను.

టైరు లోపల కనిపించింది

టైరు పగిలినప్పుడు అందరూ బయట చూస్తారు. నేను ముందు లోపల చూస్తాను. రిమ్ము నుంచి విడదీసి లోపల చెయ్యి పెడితే నల్లటి రబ్బరు పొడి వచ్చింది. సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) లోపలి వైపు, ట్రెడ్‌కి (నేలను తాకే భాగానికి) కాస్త కింద, టైరు చుట్టూ గుండ్రంగా ఒక పట్టీలా రబ్బరు ముడతలు పడి, గరుకుగా మారి ఉంది. మేకు గుచ్చుకున్న గుర్తు లేదు, గుంతకు కొట్టుకున్న గాటూ లేదు. చుట్టూ సమానంగా ఉన్న ఇలాంటి పట్టీ ఒకే విషయం చెబుతుంది. ఈ టైరు చాలా దూరం, మోయగలిగిన దానికన్నా ఎక్కువ నలుగుతూ తిరిగింది.

టైరులో బరువు మోసేది ప్రధానంగా గాలే. రబ్బరు, తీగలు ఆ గాలిని పట్టి ఉంచే సంచి లాంటివి. బరువు పెరిగినా, గాలి తగ్గినా సైడ్‌వాల్ ఎక్కువగా వంగుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ ఆ వంపు పడి మళ్ళీ సర్దుకుంటుంది. 14 అంగుళాల చక్రం 100 స్పీడులో సెకనుకు 15 సార్ల పైనే తిరుగుతుంది. తీగను అటూ ఇటూ వంచితే వేడెక్కి తెగినట్టే, ఇక్కడా వేడి పుడుతుంది. ఆ వేడికి లోపలి పొరల మధ్య పట్టు వదులవుతుంది. ఒకరోజు మామూలు రోడ్డు మీదే, ఏ కారణమూ లేనట్టుగా టైరు పగులుతుంది. లోపం టైరుదే అని యజమాని అనుకోవడం సహజం. నాకు మాత్రం ఆ పట్టీ చూశాక రిపోర్టు రాయడానికి మనసొప్పలేదు.

కారుని లిఫ్ట్ మీదకి ఎక్కించాం. వెనుక స్ప్రింగుల లోపల ఉండే రబ్బరు బంప్ స్టాపర్లు రెండూ నలిగి సగం పొడవయ్యాయి. స్ప్రింగు పూర్తిగా కుంగినప్పుడు చట్రానికి దెబ్బ తగలకుండా చివరి దిండులా ఉండాల్సినవి అవి. వీటికి ఎప్పుడో ఒకసారే పని పడాలి. ఇక్కడ రోజూ వాటి మీదే కూర్చున్నట్టు కనిపించింది. చక్రం పైనున్న లైనర్ అనే తొడుగు మీద టైరు రాసుకున్న మెరుపు గీతలు ఉన్నాయి. ఆరు నెలల క్రితం విన్న ఆ "దబ్" అనే చప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది.

రెండో వెనుక టైరులో గాలి చల్లగా ఉన్నప్పుడు చూస్తే 27 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉంది. "నేనెప్పుడూ 30 కొట్టిస్తానే" అన్నారాయన. చివరిసారి ఎప్పుడు కొట్టించారంటే రెండు నెలలైందన్నారు. పంక్చర్ లేకపోయినా టైరులో గాలి నెలకు ఒకటి, రెండు పీఎస్ఐ దిగడం మామూలే కాబట్టి 27 అబద్ధం చెప్పడం లేదు. "మరి ప్రెజర్ వార్నింగ్ లైటు వెలగలేదు కదా?" అని అడిగారు. మంచి ప్రశ్న. ఈ లైటును చట్టంతో తప్పనిసరి చేసిన అమెరికా నిబంధనలో కూడా, సిఫార్సు చేసిన గాలికన్నా 25 శాతం తగ్గినప్పుడు అది వెలిగితే చాలు. 30లో 25 శాతం తగ్గితే 22.5 పీఎస్ఐ. అంటే 27 దగ్గర ఆ లైటు నోరు మెదపదు. పైగా కారులో ఒకరే ఉన్నారా, ఐదుగురు ఉన్నారా అన్నది దానికి తెలియదు.

ప్లేటు మీది అంకెలు

డ్రైవర్ డోరు తెరిస్తే పిల్లర్ మీద ఒక స్టిక్కర్, ఒక ప్లేటు ఉంటాయి. పదేళ్ళు కారు నడిపినవాళ్ళు కూడా చాలామంది వాటిని చదివి ఉండరు. ఈ కారు ప్లేటు మీద మొత్తం బరువు పరిమితి 1560 కిలోలు, ముందు ఇరుసుకు 820, వెనుక ఇరుసుకు 790 అని ఉంది. రెండు ఇరుసుల పరిమితులు కలిపితే 1610 వస్తుంది, మొత్తం పరిమితి మాత్రం 1560. ఇది అచ్చుతప్పు కాదు. బరువు కాస్త ముందుకో వెనక్కో జరగడానికి ఆ వెసులుబాటు ఇస్తారు. మూడు పరిమితులూ విడివిడిగా దాటకూడనివే. మొత్తం బరువు పరిమితిలోనే ఉండి వెనుక ఇరుసు దాటిపోయిన సెడాన్లు నేను చాలా చూశాను.

స్టిక్కర్ మీద గాలి లెక్క రెండు వరుసల్లో ఉంది. ముగ్గురి దాకా అయితే నాలుగు చక్రాలకూ 30. పూర్తి లోడుతో అయితే ముందు 32, వెనుక 35. ఆయన ఐదేళ్ళుగా మొదటి వరుస మాత్రమే వాడుతున్నారు.

ఖాళీ కారు బరువు, అంటే కెర్బ్ వెయిట్, ఓనర్ మాన్యువల్లో 1140 కిలోలు. 1560లోంచి 1140 తీసేస్తే 420 కిలోలు. ఈ కారు మోయగలిగింది అంతే. ఇందులోనే డ్రైవరు, ప్రయాణికులు, సామాను, తర్వాత బిగించిన ప్రతి వస్తువూ ఇమడాలి. ఈ తీసివేతలో ఒక మెలిక ఉంది. యూరప్ నిబంధనల ప్రకారం ఇచ్చే ఖాళీ బరువులో 75 కిలోల డ్రైవర్‌ని ముందే కలిపి చెప్పే పద్ధతి ఉంది. కొన్ని కంపెనీల మాన్యువల్లో డ్రైవర్ ఉండడు. ఏ పద్ధతో చూసుకోకపోతే 75 కిలోల తేడా వస్తుంది. అమెరికాలో అమ్మే కార్లలో ఈ గొడవ లేదు, ప్రయాణికులు, సామాను కలిపి ఇన్ని కిలోలు దాటకూడదని డోరు దగ్గరే నేరుగా రాసి ఉంటుంది. ఆ అంకెలో డ్రైవరూ ఉన్నట్టే. ఇంకో సంగతి. అదే కారులో సన్‌రూఫ్, పెద్ద చక్రాలు ఉన్న ఖరీదైన వేరియంట్‌కి మొత్తం పరిమితి చాలాసార్లు మారదు, ఖాళీ బరువు మాత్రం పెరుగుతుంది. అప్పుడు మోసే శక్తి ఖరీదైన దానికే తక్కువ.

"ఐదు సీట్లు ఉన్నాయి, 500 లీటర్ల డిక్కీ ఉంది, నిండా వేసుకోవడానికే కదా ఇచ్చింది?" అన్నారాయన. ఈ మాట నేను వారానికి ఒకసారైనా వింటాను. లీటర్లు చోటుకి కొలత, బరువుకి కాదు. బట్టలు సర్దిన సూట్‌కేసులతో ఆ డిక్కీ నింపితే సుమారు 100 కిలోలు అవుతుంది. అదే డిక్కీని పుస్తకాల పెట్టెలతో నింపితే 300 కిలోలు తేలిగ్గా దాటుతుంది. డిక్కీ మూత హాయిగా మూసుకుంటుంది, లోపల ఏముందో దానికేం తెలుసు? సీట్ల సంగతీ అంతే. లెక్కల కోసం ఒక మనిషిని 68 కిలోలుగా పట్టే పద్ధతి అమెరికా నిబంధనల్లో ఉంది. ఆ లెక్కన ఐదుగురు 340 కిలోలు. మిగిలేది 80 కిలోలు. కారు కొన్న రోజున, ఏ మార్పూ చెయ్యకముందే, ఐదుగురితో ఈ సెడాన్‌కి ఉన్న సామాను అవకాశం అంతే.

వే బ్రిడ్జి మీద

లెక్కలు చెబితే నమ్మకం కలగదు. కాగితం మీద అచ్చయి వచ్చిన స్లిప్పు చూస్తే కలుగుతుంది. వెనుక టైర్లు రెండూ కొత్తవి వేశాక, తర్వాతి ఆదివారం అదే ఐదుగురినీ, అవే పెట్టెలనూ వే బ్రిడ్జికి, అంటే వాహనాలు తూచే కాటా దగ్గరికి, తీసుకురమ్మని అడిగాను. ఎవరి బరువు ఎంత అని ఒక్కొక్కరినీ అడగడం నాకు ఇష్టం లేదు, అడిగినా చాలామంది తగ్గించే చెబుతారు. వాళ్ళే ఇంట్లో తూచుకుని ఒక చీటీ రాసుకొచ్చారు. ఆయన 82, భార్య 66, తమ్ముడు 78, తల్లి 64, కొడుకు 52. మొత్తం 342. డిక్కీలో సామాను 96 కిలోలు.

ముందు ఖాళీ కారు తూచాం. తూచే పద్ధతి చెబుతాను, ఎందుకంటే చాలామంది మొత్తం బరువు చూసుకుని వచ్చేస్తారు. మొదట ముందు చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫారం మీద పెట్టి ఒక రీడింగ్, తర్వాత కారు మొత్తం ఎక్కించి ఒకటి, ఆ తర్వాత ముందుకు పోనిచ్చి వెనుక చక్రాలు మాత్రమే ఉంచి ఇంకొకటి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ వెయ్యకూడదు, చుట్టూ నేల ప్లాట్‌ఫారంతో సమంగా ఉండాలి. ముందు, వెనుక కలిపితే మొత్తానికి సరిపోతే తూకం బాగున్నట్టు. పెద్ద వాహనాల కాటాలు చిన్న బరువుల్ని సవరించి చూపిస్తాయి. మేము తూచింది 5 కిలోల మెట్లలో చూపించేది.

ఖాళీ కారు 1140 రావాలి. 1220 వచ్చింది. ముందు 695, వెనుక 525.

ఆయన ఆశ్చర్యంగా చూశారు. నేను డిక్కీ తెరిచి సీటు వెనుక అడ్డంగా బిగించిన గ్యాస్ సిలిండర్ చూపించాను. రెండేళ్ళ క్రితం బయట పెట్టించుకున్న కిట్ అది. స్టాండు, సిలిండర్, లోపలి గ్యాస్ కలిపి 70 కిలోలు, బానెట్ కింద మరో 10. ఇంధనం ఖర్చు తగ్గుతుందని పెట్టించారు, అది నిజమే. కానీ ఆ రోజు నుంచి కారులో ఒక మనిషి శాశ్వతంగా కూర్చున్నట్టయింది. బిగించినవాళ్ళు డోరు దగ్గరి ప్లేటు మార్చలేరు, మొత్తం పరిమితి 1560 అలాగే ఉంది. 420 కిలోల అవకాశం 340 అయింది. వాళ్ళ ఐదుగురి బరువు 342.

అంటే ఒక్క చేతిసంచి వెయ్యకముందే కారు నిండిపోయింది. ఈ మాట చెప్పినప్పుడు ఆయన తల్లి నెమ్మదిగా, "అంటే నాయనా, రెండేళ్ళుగా మేం ఇలాగే తిరుగుతున్నామా?" అని అడిగారు. అవునమ్మా అన్నాను. ఇంకేం చెప్పాలో తోచలేదు.

తర్వాత అందరూ ఎక్కి, సామాను వేసి, మళ్ళీ తూచాం. ముందు 780, వెనుక 880, మొత్తం 1660. మొత్తం మీద 100 కిలోలు ఎక్కువ. వెనుక ఇరుసు మీద 90 ఎక్కువ. ముందు ఇరుసు మీద ఇంకా 40 కిలోల ఖాళీ ఉంది. ఎక్కువైన బరువు దాదాపు అంతా వెనుక రెండు చక్రాల మీదే పడిందన్నమాట.

ఎందుకలా? పిల్లలు ఆడే తూగుడు బల్ల గుర్తు తెచ్చుకోండి. ఈ కారులో రెండు ఇరుసుల మధ్య దూరం 2600 మిల్లీమీటర్లు. ముందు సీట్లు దాదాపు మధ్యలో ఉంటాయి కాబట్టి అక్కడి బరువు సగం ముందుకు, సగం వెనక్కి పోతుంది. వెనుక సీటు వెనుక ఇరుసుకి దగ్గర, అక్కడి బరువులో సుమారు 85 శాతం వెనక్కే. డిక్కీ సామాను ఇరుసు దాటి ఇంకా వెనుక ఉంటుంది. ఇరుసుకి 520 మిల్లీమీటర్ల వెనుక 100 కిలోలు పెడితే వెనుక ఇరుసు మీద పడేది 100 కాదు, 120. ఆ అదనపు 20 కిలోలు ముందు చక్రాల నుంచి పైకి లేస్తాయి. స్టీరింగ్ తిప్పేదీ, ఎక్కువ బ్రేకు పట్టేదీ ముందు చక్రాలే, చాలా సెడాన్లలో కారుని లాగేదీ అవే. ఆయన 96 కిలోల సామానుతో వెనుక ఇరుసుకి 115 కిలోలు చేర్చి, ముందు నుంచి 19 కిలోలు తీసేశారు. ఇలా కాగితం మీద వేసిన లెక్కకీ కాటా చూపించిన దానికీ తేడా కిలో, రెండు కిలోలే వచ్చింది.

టైరు మీద 475 కిలోలు అంటే

"అయినా టైరు మోయగలదుగా సార్" అన్నారు ఆయన తమ్ముడు. ఆయన ఫోనులో చూసుకుని వచ్చారు, చూసింది సరైనదే. టైరు సైజు 175/65 ఆర్14 82టీ. ఇందులో 82 అనేది లోడ్ ఇండెక్స్, దానర్థం 475 కిలోలు. వెనుక ఇరుసు మీద 880 అంటే ఒక్కో టైరుకి 440. ఇంకా 35 కిలోల మిగులు ఉన్నట్టే కదా!

ఈ పొరపాటు చాలా ప్రమాదకరమైంది, ఎందుకంటే ఇది సగం నిజం. ఆ 475 కిలోలు మామూలు కారు టైరుకి 2.5 బార్, అంటే సుమారు 36 పీఎస్ఐ గాలి ఉన్నప్పటి మాట. గాలి తగ్గితే మోసే శక్తి కూడా తగ్గుతుంది. టైరు ఇంజనీర్లు వాడే ఉజ్జాయింపు సూత్రం ఒకటుంది. ఇప్పటి గాలిని 36తో భాగించి, వచ్చిన దాన్ని 0.8 ఘాతానికి హెచ్చించి, 475తో గుణించాలి. 27 పీఎస్ఐ దగ్గర వచ్చేది సుమారు 375 కిలోలు. మోస్తున్నది 440. ఒక్కో వెనుక టైరు మీద 65 కిలోలు ఎక్కువ, 100 స్పీడులో, గంటల తరబడి. లోపలి ఆ గరుకు పట్టీ ఎలా వచ్చిందో ఇంక వివరించాల్సిన పని లేకపోయింది. క్లెయిమ్ మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు.

"అయితే 36 కొట్టించి, అదే సామానుతో వెళ్ళొచ్చా?" అన్నది తర్వాతి ప్రశ్న. టైరు బతుకుతుంది, మిగతావి బతకవు. వెనుక ఇరుసుకి 790 అనే అంకె టైరు ఒక్కదాన్ని చూసి వేసింది కాదు. చక్రం బేరింగు, రిమ్ము, ఇరుసు దూలం, స్ప్రింగు కూర్చునే చోటు, బ్రేకులు, వీటన్నిటిలో బలహీనమైనదాన్ని చూసి వేస్తారు. ఎక్కువ లోడ్ ఇండెక్స్ ఉన్న టైరు వేసినా అంతే, టైరుకి కాస్త ధీమా వస్తుంది, కారు పరిమితి కిలో కూడా పెరగదు.

స్ప్రింగుల మధ్య పెట్టే రబ్బరు కుషన్ల గురించి కూడా అడిగారు. ఎవరో పెట్టించుకోమన్నారట. నేను వీటిని గట్టిగా వ్యతిరేకిస్తాను. అవి పెడితే కారు వెనుక భాగం పైకి లేస్తుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, దబ్ అన్న చప్పుడు పోతుంది. ఇరుసు మీద బరువు మాత్రం అంతే ఉంటుంది. కుంగడం అనేది కారు మనకు చెప్పే ఒకే ఒక్క మాట, కుషన్ పెడితే ఆ మాట కూడా వినపడకుండా పోతుంది. ఆరు నెలల క్రితం నేను కొత్త షాక్ అబ్జార్బర్లు వేసినప్పుడు జరిగింది కూడా ఇంచుమించు ఇదే. చప్పుడు తగ్గింది, వాళ్ళు ధైర్యంగా ఇంకో పెట్టె వేసుకున్నారు.

"పోనీ డిక్కీలోది కొంత కారు పైన క్యారియర్‌కి కడితే?" అన్నారు. అక్కడ పరిమితి ఇంకా చిన్నది. సెడాన్ల రూఫ్‌కి సాధారణంగా 50 నుంచి 75 కిలోలే ఇస్తారు, అందులో క్యారియర్ బరువూ కలిపే. ఈ కారు మాన్యువల్లో 50. క్యారియర్‌కే పదిహేను పోతే మిగిలేది ఒకటిన్నర సూట్‌కేసు. మొత్తం బరువులో ఏమీ తగ్గదు, పైగా బరువు ఎత్తుకి చేరి మలుపుల్లో కారు ఎక్కువ వాలుతుంది.

బ్రేకు, లైటు, సీటు వెనుక భాగం

టైరు గురించే ఇంత రాశాను కానీ, నిజానికి నన్ను ఎక్కువ భయపెట్టేది బ్రేకుల సంగతి. బ్రేకు చేసే పని కారు వేగంలో ఉన్న శక్తిని వేడిగా మార్చడం. ఆయన ఒక్కరే, కిట్ లేని రోజుల్లో, 1222 కిలోలతో 100 స్పీడులో వెళ్తే ఆ శక్తి సుమారు 470 కిలోజౌళ్ళు. ఇప్పుడు 1660 కిలోలతో అదే స్పీడులో 640. మూడో వంతు కన్నా ఎక్కువే పెరిగింది. ఒక్కసారి బ్రేకు వేస్తే తేడా పెద్దగా తెలియకపోవచ్చు. పొడవాటి ఘాట్ రోడ్డు దిగేటప్పుడు మాత్రం ప్రతి మలుపులో ఆ వేడి పోగవుతుంది, ప్యాడ్‌లు పట్టు కోల్పోతాయి. వేగానికి వర్గం లెక్క ఉంటుంది కాబట్టి ఇక్కడ ఒక ఉపకారం కూడా ఉంది. ఆ నిండు కారునే 85లో నడిపితే, ఒంటరిగా 100లో వెళ్ళినప్పుడు ఉన్నంత శక్తే ఉంటుంది. ఓవర్‌లోడ్‌ని ఇది ఒప్పు చెయ్యదు. పరిమితి లోపల పూర్తి లోడుతో వెళ్ళేవాళ్ళు స్పీడు 15 తగ్గించుకోవడానికి మాత్రం ఇది చాలినంత కారణం.

రాత్రిపూట ఎదుటివాళ్ళు లైట్లు కొట్టి తిడుతున్నారని ఆయన భార్య చెప్పారు. కొలిచి చూశాను. నిండు లోడుతో వెనుక 65 మిల్లీమీటర్లు కుంగింది, ముందు 15. తేడా 50. 2600 పొడవులో 50 అంటే దాదాపు రెండు శాతం పైకి వాలడం. హెడ్‌లైటు డిమ్ బీమ్‌ని మామూలుగా ఒక శాతం కిందికి ఉండేలా సెట్ చేస్తారు. అంటే బీమ్ కిందికి పోవాల్సింది పోయి ఇంచుమించు ఒక శాతం పైకి పోతోంది. 50 మీటర్ల దూరంలో అది లైటు కన్నా 45 సెంటీమీటర్ల పైన, సరిగ్గా ఎదుటి డ్రైవరు కళ్ళ ఎత్తులో ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీద 0 నుంచి 3 వరకు అంకెలున్న చిన్న చక్రం ఇందుకే ఉంది. ఆ చక్రం ఉందని వాళ్ళకి ఆ రోజే తెలిసింది.

సీటు వెనుక భాగం గురించి ఒక మాట. సీట్లకు సంబంధించిన ఐక్యరాజ్యసమితి 17వ నిబంధనలో ఒక పరీక్ష ఉంది. డిక్కీలో ఒక్కోటి 18 కిలోలున్న రెండు దిమ్మెలు పెట్టి, గంటకు 50 కిలోమీటర్ల వేగంతో గుద్దుకున్నంత కుదుపు ఇచ్చి, వెనుక సీటు వాటిని ఆపుతుందా అని చూస్తారు. మొత్తం 36 కిలోలు. 96 కిలోలతో ఆ పరీక్ష చెయ్యరు. బరువైన పెట్టెలు డిక్కీ నేల మీద, సీటుకి ఆనించి, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టాలని నేను ప్రతి ఒక్కరికీ చెప్పేది అందుకే. ఖాళీ ఉంటే పెట్టె పరిగెత్తి వచ్చి గుద్దుతుంది. వెనుక అద్దం కింది పలక మీద ఏమీ పెట్టొద్దు, నీళ్ళ సీసా కూడా.

ఏం చేశాం

వాళ్ళ ముందు రెండు దారులు పెట్టాను. కిట్ తీసేస్తే ఐదుగురికి 342 పోను 78 కిలోల సామాను, అప్పుడు వెనుక ఇరుసు కూడా 778 దగ్గర ఆగుతుంది. కిట్ ఉంచుకుంటే నలుగురే, తమ్ముడు దిగితే 76 కిలోల సామాను, కానీ అప్పుడు వెనుక ఇరుసు 789, పరిమితికి ఒక కిలో దూరం. అంత అంచు మీద నడపొద్దని, సామాను 60 లోపే ఉంచమని చెప్పాను. రోజూ ఆయన ఒక్కరే ఆఫీసుకి తిరుగుతారు కాబట్టి కిట్ ఉంచుకోవాలనే నిర్ణయించుకున్నారు. దూరప్రయాణాలకు తమ్ముడు ఒక పెట్టె తీసుకుని రైల్లో వస్తారు. నాకైతే కిట్ తీసేయించడమే ఇష్టం. బతిమాలినంత పని చేశాను. వాళ్ళ ఖర్చు, వాళ్ళ అవసరం వాళ్ళకే తెలుసు. పరిమితి లోపల ఉన్నంతకాలం అది సరైన నిర్ణయమే.

బంప్ స్టాపర్లు మార్చాం. వెనుక బ్రేకులు విప్పి శుభ్రం చేశాం. ముందు టైర్లు కూడా లోపల చూసి, బాగానే ఉన్నాయని తేల్చుకుని తిరిగి వేశాం. గాలి కొట్టే విషయంలో ఒక్క మాట పట్టించుకోమన్నాను. పొద్దున్నే కారు కదలకముందు చూడాలి, దూరం నడిపాక వేడికి ప్రెజర్ పెరిగి కనిపిస్తే ఎక్కువైందని గాలి తీసెయ్యకూడదు.

రెండు నెలల తర్వాత ప్రయాణానికి బయల్దేరే ముందు వాళ్ళే వే బ్రిడ్జి మీద తూయించి స్లిప్పు ఫోటో పంపారు. నలుగురు, 56 కిలోల సామాను. ముందు 775, వెనుక 765, మొత్తం 1540. వెనుక గాలి 35, హెడ్‌లైటు చక్రం 2 మీద.

ఆరు నెలలకు సర్వీసుకి వచ్చినప్పుడు వెనుక టైర్ల ట్రెడ్ లోపలి అంచు, బయటి అంచు సమానంగా అరిగాయి. కొత్త స్టాపర్ల మీద ఒత్తిడి గుర్తులు లేవు. కానీ వెనుక ఎడమ చక్రాన్ని చేత్తో తిప్పితే బేరింగులోంచి సన్నటి గరగర వినిపించింది, 60 స్పీడు దాటాక అదే హోరుగా మారుతోంది. పాత రెండేళ్ళ బరువు అందులో అప్పటికే అచ్చుపడిపోయింది. ఆ బేరింగు మార్చాం. కుడివైపుది ఇంకా నిశ్శబ్దంగానే ఉంది, వచ్చే సర్వీసులో మళ్ళీ వినాలని జాబ్ కార్డులో రాసి పెట్టాను.